హ్యావ్‌లాక్ బీచ్ రిసార్టులో మొదటి బస: తిథి చూసి తేదీలు, బీచ్ చూసి గది

పౌర్ణమి నాడు మధ్యాహ్నం అండమాన్‌లోని హ్యావ్‌లాక్ దీవిలో దిగాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. రిసార్టు ఫోటోల్లో గది ముందే నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, నీళ్ళ మీదికి ఒంగిన కొబ్బరి చెట్లు. ఆ ఒక్క ఫోటో చూసి నాలుగు నెలల ముందే డబ్బు కట్టేశాను. సామాను గదిలో పడేసి పిల్లలు ఈత బట్టలతో బయటికి పరుగెత్తారు. వెనకే మేమూ వెళ్ళాం. అప్పుడు టైము నాలుగు. అక్కడ సముద్రం లేదు. నల్లటి రాళ్ళు, చచ్చిపోయిన పగడాల గుట్టలు, మధ్య మధ్య మోకాలు కూడా తడవని మడుగులు, వాటిలో అటూ ఇటూ పాకే పీత పిల్లలు. నీళ్ళు ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి. "నాన్నా, సముద్రం ఏమైపోయింది?" అని మా చిన్నది ఏడుపు మొహం పెట్టింది.

మమ్మల్ని జెట్టీ నుంచి తెచ్చిన ఆటో ఆయనది శ్రీకాకుళం వైపు. ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. మా మొహాలు చూసి ఆయనే చెప్పాడు: "ఇప్పుడు ఆటు బాబూ, నీళ్ళు ఎనక్కి పోయే టైము. పున్నమి కదా, బాగా లాగేస్తాది. రాత్రి పదింటికి నిండుతాది, మళ్ళీ పొద్దున్న పదింటికి. సాయంత్రం పూట ఇక్కడ కూర్చోకండి, రాధానగర్ బీచ్‌కి పోండి."

ఆ ముక్క నాకు ఇంట్లో ఉన్నప్పుడే తెలిసి ఉంటే మా ప్లాన్ మొత్తం వేరేగా ఉండేది. మర్నాడు పదింటికి మేం బోటులో ఇంకో బీచ్‌కి వెళ్ళిపోయాం. ఆ తర్వాతి రోజు స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ళ అడుగుకి దిగడం. మా గది ముందు సముద్రం నిండుగా, ఆ ఫోటోలో ఉన్నట్టే ఉండటం చూసింది బయల్దేరే రోజు, జెట్టీకి వెళ్ళే ముందు ఒక్క అరగంట. తర్వాత రెండుసార్లు వెళ్ళాను, బంధువుల కోసం కూడా ప్లాన్లు వేసి పెట్టాను. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఏది ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా చెబుతాను.

1. ఏ దీవి

మొదటి దీవి ప్రయాణానికి నేను అండమాన్ వెళ్ళమంటాను. అందులోనూ హ్యావ్‌లాక్. 2018 డిసెంబర్‌లో దీనికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబర్ నుంచి శ్రీవిజయపురం అన్నది అధికారిక పేరు. టికెట్ల మీద పాత పేరు ఉన్నా కొత్త పేరు ఉన్నా కంగారు పడకండి, ఊరు అదే.

మనవాళ్ళకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, పర్మిట్ అక్కర్లేదు, కరెన్సీ మార్చే పని లేదు. భాష టెన్షన్ కూడా లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితమే వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే విశాఖలో ఉన్నామా అనిపిస్తుంది. హ్యావ్‌లాక్‌లో మాత్రం ఎక్కువ మంది బెంగాలీలు. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకి అక్కడ భూములిచ్చారు. గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్, రాధానగర్ అన్న ఊళ్ళ పేర్లు విన్నప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. ఏ ఊరి వైపు ఏ బీచ్ ఉందన్నదే మీ రిసార్టు ఎంపికకి మూలం.

నీల్ దీవి కూడా ఇదే ట్రిప్పులో చూసేద్దాం అంటారు చాలామంది. మొదటిసారికి వద్దంటాను. ప్రతి దీవి మార్పుకీ సగం రోజు ఫెర్రీలకే పోతుంది. హ్యావ్‌లాక్‌లో మూడు రాత్రులు, తిరుగు ప్రయాణానికి ముందు పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి. మొత్తం అయిదు రోజులు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఇది సరిగ్గా సరిపోతుంది.

2. నెల

మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు. తర్వాత ఈశాన్య రుతుపవనాల వర్షాలు నవంబర్ దాకా ఉంటాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్ళండి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఫిబ్రవరి, మార్చి: సముద్రం నిమ్మళంగా ఉంటుంది, నీళ్ళలో చూపు బాగా ఆనుతుంది, రద్దీ తగ్గుతుంది. పిల్లల పరీక్షల వల్ల మార్చి కుదరకపోతే సంక్రాంతి సెలవులు. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా మాత్రం రేట్లు బాగా పెరుగుతాయి. దానికి తోడు చాలా రిసార్టులు క్రిస్మస్, న్యూ ఇయర్ రాత్రుల డిన్నర్‌కి మనిషికింత అని తప్పనిసరిగా వసూలు చేస్తాయి.

డిసెంబర్ అన్నాను కదా అని తుపాను ఉండదనుకోవద్దు. 2016 డిసెంబర్‌లో వాయుగుండం వల్ల ఫెర్రీలు ఆగిపోయి వెయ్యి మందికి పైగా పర్యాటకులు హ్యావ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం ఓడలు వచ్చి వాళ్ళని తీసుకొచ్చాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో చివరి రాత్రి ఉండమన్నది ఇందుకే. ఫెర్రీ ఒక పూట ఆగినా విమానం తప్పిపోదు.

3. తిథి

దీని గురించి ఎవరూ చెప్పరు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు (నీళ్ళు నిండటం), రెండు ఆట్లు (వెనక్కి పోవడం). పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరుంపావు గంటలు. ఈ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అండమాన్‌లో ఆ రోజుల్లో తేడా సుమారు రెండు మీటర్లు. అష్టమి దగ్గర తేడా అందులో సగమో, ఇంకా తక్కువో ఉంటుంది.

రెండు మీటర్లేగా అనిపిస్తుంది. బీచ్ వాలుగా ఉంటే నిజంగానే పెద్ద తేడా తెలియదు. కానీ హ్యావ్‌లాక్ తూర్పు ఒడ్డు పళ్ళెంలా చదునుగా ఉంటుంది. రెండు మీటర్లు నీరు దిగిందంటే ఒడ్డు నుంచి వందల అడుగుల దూరం బయటపడుతుంది. మా పిల్లలు చూసింది అదే.

గోడ మీద తెలుగు క్యాలెండర్ తీసి మీరు అనుకున్న తేదీల పక్కన తిథి రాసుకోండి. తర్వాత ఫోన్లో పోర్ట్‌బ్లెయిర్ టైడ్ టేబుల్ అని వెతికి ఆ రోజుల పోటు, ఆటు వేళలు రాసుకోండి. హ్యావ్‌లాక్‌కి ఆ వేళలు ఇంచుమించుగా సరిపోతాయి. సాధారణంగా పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఉదయం పది ప్రాంతంలో నిండు సముద్రం, సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆటు. అష్టమి దగ్గర దీనికి తలకిందులు: ఉదయం ఆటు, సాయంత్రం పోటు. దీన్నిబట్టి ఏ పూట గది ముందు ఉండాలో, ఏ పూట బయటికి వెళ్ళాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఏ తిథి మంచిది అంటే, మీకేం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజంతా రిసార్టు ముందు పిల్లలతో నీళ్ళలో ఉండాలంటే అష్టమి దగ్గర వెళ్ళండి. ఒడ్డు ఎప్పుడూ మరీ బోసిగా ఉండదు. రాత్రి నీళ్ళలో మెరిసే వెలుగు చూడాలని ఉంటే అమావాస్య. మడ అడవుల పక్కన చిమ్మచీకట్లో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద తీసుకెళ్తారు. తెడ్డు వేసిన ప్రతిసారీ నీళ్ళలో నీలం నిప్పురవ్వలు లేచినట్టుంటుంది. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు కదిలినప్పుడల్లా ఇచ్చే వెలుగు అది. చేత్తో నీళ్ళు తీసి మోచేతి మీద పోసుకున్నాను, రెండు క్షణాలు చుక్కలు చుక్కలుగా వెలిగి ఆరిపోయాయి. పౌర్ణమి నాడు వెళ్తే వెన్నెల్లో ఇది దాదాపు కనిపించదు.

4. బీచ్, ఆ తర్వాతే రిసార్టు

జెట్టీ దీవికి ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి గోవిందనగర్ బజారు దాకా ఒకే రోడ్డు. బజారు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తూర్పు ఒడ్డు వెంబడి విజయనగర్ మీదుగా కాలాపత్తర్ వైపు, రెండోది పొలాలు, అడవి దాటి పడమటి ఒడ్డున రాధానగర్‌కి. స్థానికులు బీచ్‌లకి నంబర్లు చెబుతారు: గోవిందనగర్ మూడు, విజయనగర్ అయిదు, రాధానగర్ ఏడు.

ఎక్కువ రిసార్టులు మూడు, అయిదు నంబర్ల మీదే ఉన్నాయి. ధరలు అందుబాటులో ఉంటాయి, హోటళ్ళు, స్కూబా సెంటర్లు నడిచిపోయేంత దగ్గర. తెల్లవారుజామున సూర్యోదయం గది ముందే. పోటు ఉన్నప్పుడు అల లేని, లోతు లేని నీళ్ళు, చిన్నపిల్లలకి దీనికి మించింది లేదు. ఆటులో మాత్రం రాళ్ళు. ప్రభుత్వ పర్యాటక శాఖ వారి డాల్ఫిన్ రిసార్టు కూడా అయిదో నంబర్ వైపే ఉంది.

రాధానగర్ వేరే రకం. దాదాపు రెండు కిలోమీటర్ల తెల్లటి ఇసుక, వెనక ఎత్తైన అడవి చెట్లు, కాళ్ళకి రాయి తగలదు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో అత్యుత్తమ బీచ్ అని రాసింది దీని గురించే. ఇసుక వాలుగా దిగుతుంది కాబట్టి ఆటులో కూడా స్నానానికి ఇబ్బంది లేదు. సూర్యాస్తమయం ఇక్కడే. ఈ వైపు ఉన్న రిసార్టులు తక్కువ, తాజ్ ఎక్సోటికా, బేర్‌ఫుట్ వంటివి. ఖర్చు ఎక్కువ, బజారు దూరం, తిండి మొత్తం రిసార్టులోనే.

నా సలహా ఏమిటంటే, మధ్యతరగతి కుటుంబం మొదటిసారికి మూడు లేదా అయిదో నంబర్ బీచ్‌లో గది తీసుకుని, పోటు వేళల్లో అక్కడ, సాయంత్రాలు రాధానగర్‌లో గడపండి. హనీమూన్‌కి వెళ్ళే జంట, డబ్బు వెసులుబాటు ఉంటే, రెండు రాత్రులే అయినా రాధానగర్ వైపు ఉండటం మేలు.

గది రకాల్లో మాటల తేడాలు చూడండి. గార్డెన్ వ్యూ అంటే వెనక వరుస. సీ వ్యూ అంటే సముద్రం కనిపిస్తుంది, అంతే, మధ్యలో ఇంకో వరుస కాటేజీలు ఉండొచ్చు. బీచ్ ఫ్రంట్ అంటేనే ముందు వరుస. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే గ్రౌండ్ ఫ్లోర్ అని రాతలో తీసుకోండి. డబ్బు సర్దుబాటు కావాలంటే నేను గార్డెన్ వ్యూ తీసుకుని మిగిలిన డబ్బు స్కూబాకి పెడతాను. గదిలో మీరు ఉండేది రాత్రి నిద్రకే.

పన్ను లెక్క మర్చిపోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,800 గది కన్నా 7,400 గది చేతికి వచ్చే బిల్లులో చాలా చౌక.

5. డబ్బు కట్టే ముందు ఒక ఫోన్

వెబ్‌సైటులో ఎంత బాగున్నా రిసార్టుకి నేరుగా ఫోన్ చేయండి. ఆన్‌లైన్ రేటు చెప్పి అడిగితే కొన్నిసార్లు బ్రేక్‌ఫాస్టో, జెట్టీ నుంచి పికపో కలుపుతారు. అంతకన్నా ముఖ్యంగా ఇవి అడగాలి:

- మీది ఏ నంబర్ బీచ్? మేం వచ్చే రోజు ఆటులో గది ముందు స్నానం చేయగలమా?
- చెకిన్ ఎన్నింటికి, చెకౌట్ ఎన్నింటికి? ఫెర్రీల వల్ల అక్కడ చాలాచోట్ల ఉదయాన్నే గది ఖాళీ చేయమంటారు.
- వాతావరణం వల్ల ఫెర్రీ రద్దయితే మా డబ్బు సంగతేంటి? వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా?
- కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా?
- అయిదేళ్ళ పాపకి, పన్నెండేళ్ళ బాబుకి ఎంత? అదనపు మంచమా, పరుపా?

ఒప్పుకున్నది వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి. భోజనం విషయంలో సీపీ అంటే బ్రేక్‌ఫాస్ట్ మాత్రమే, ఎంఏపీ అంటే దానికి తోడు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలూ. తూర్పు ఒడ్డున ఉంటే సీపీ చాలు. బజారులో బెంగాలీ హోటళ్ళలో అన్నం, పప్పు, వేపుడు, ఆవ పెట్టిన చేపల పులుసుతో తాలీ దొరుకుతుంది, మనకి నోటికి బాగానే పడుతుంది. శాకాహారులకి కూడా ఇబ్బంది లేదు. మా అత్తగారు మూడు రోజులూ పప్పన్నం, తను తెచ్చుకున్న గోంగూర పచ్చడితో హాయిగా గడిపేశారు. పచ్చడి సీసా చెకిన్ బ్యాగులో పెట్టండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీలో ఆపేస్తారు.

6. టికెట్ల వరుస

విమానం, ఫెర్రీ, రిసార్టు. ఈ మూడూ ఒకే రోజు కూర్చుని బుక్ చేయండి. విడివిడిగా చేస్తే ఒకటి ఇంకోదానికి అతకదు.

చెన్నై నుంచి విమానం రెండుంపావు గంటలు. హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా నుంచి కూడా నేరుగా ఉంటాయి, సీజన్‌ని బట్టి వేళలు మారుతుంటాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉదయం పది లోపు దిగే విమానం చూడండి. అప్పుడే మధ్యాహ్నం ఫెర్రీ అందుకుని అదే రోజు హ్యావ్‌లాక్ చేరతారు. ఆలస్యంగా దిగేదైతే ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే, మర్నాడు పొద్దున్న మొదటి ఫెర్రీ. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ రెండున్నర రోజుల దాకా పడుతుంది, నెలకి ఒకటీ అరా తిరుగుతుంది. మొదటి సెలవుకి అది కుదిరే పని కాదు.

ప్రైవేటు ఫెర్రీలు మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటివి. గంటన్నర నుంచి రెండు గంటలు. ఒక వైపుకి మనిషికి సుమారు 1,500 నుంచి 2,000 రూపాయలు పెట్టుకోండి. ప్రభుత్వ ఫెర్రీ చౌక, డెక్ మీద గాలికి నిలబడొచ్చు, కానీ సీజన్‌లో టికెట్ దొరకడం కష్టం. గంట ముందు జెట్టీ చేరండి, అందరి ఒరిజినల్ ఐడీ కార్డులు చేతిలో ఉంచుకోండి.

కడుపులో తిప్పే సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మాత్ర ముందే తెచ్చుకోండి, ఎక్కే అరగంట, గంట ముందు వేసుకోవాలి. ఎక్కాక వేసుకుంటే అంతగా పనిచేయదు. పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చోండి, కుదుపు అక్కడే తక్కువ. ఫోన్ చూడొద్దు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూడండి. ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు.

7. బ్యాగు

బట్టలు తగ్గించండి. నీళ్ళలోకి పొడుగు చేతుల ఈత చొక్కాలు అందరికీ కావాలి, వీపు కాలకుండా అవే కాపాడతాయి. ఆడవాళ్ళు చీరతోనో, మగవాళ్ళు జీన్సుతోనో నీళ్ళలోకి దిగొద్దు. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి, చిన్న అలకి కూడా లేవలేరు. మా అత్తగారికి లెగ్గింగ్స్, పొడుగు కాటన్ కుర్తీ తీసుకెళ్ళాం. మొదట మొహమాటపడ్డారు, రెండో రోజు నుంచి పిల్లలకన్నా ముందు ఆవిడే నీళ్ళలో ఉన్నారు.

రబ్బరు అడుగు ఉన్న నీటి బూట్లు ప్రతి ఒక్కరికీ కొనండి. పగడం గీసుకున్న గాయం త్వరగా మానదు. ఇసుక ఈగలు ఇంకో బాధ. కంటికి కనిపించనంత చిన్నవి, కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు ఎర్రటి దద్దుర్లు, వారం దాకా దురద. వట్టి ఇసుక మీద పడుకోకండి, మందపాటి చాప వేసుకోండి, కాళ్ళకి కొబ్బరినూనె గానీ దోమల క్రీము గానీ పట్టించండి. గోకితే పుండవుతుంది.

నగదు కొంచెం ఎక్కువే పెట్టుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ బాగా మెరుగైంది, ఫోన్‌పే చాలాచోట్ల నడుస్తుంది. అయినా వానొస్తే నెట్ మొరాయిస్తుంది, ఏటీఎంలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. డ్రోన్ తీసుకెళ్ళకండి, అనుమతి లేకుండా ఎగరేయడం నిషేధం.

8. అక్కడి రోజులు

అండమాన్ మనకన్నా బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబర్‌లో అయిదున్నరకే సూర్యుడు వస్తాడు, సాయంత్రం అయిదు ప్రాంతంలోనే దిగిపోతాడు. ఇంటి దగ్గరలా ఎనిమిదికి లేచి పదకొండుకి బయల్దేరితే సగం రోజు పోయినట్టే. రాత్రి తొమ్మిదికి పడుకుని అయిదుకి లేవండి.

పౌర్ణమి, అమావాస్యల దగ్గర వెళ్తే: తెల్లవారి సూర్యోదయం, టిఫిన్, ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా గది ముందు నిండు నీళ్ళలో. భోజనం, నిద్ర. మూడింటికి రాధానగర్‌కి, అయిదుంపావు దాకా అక్కడే. అష్టమి దగ్గర వెళ్తే: పొద్దున్న బోటులో ఎలిఫెంట్ బీచ్‌కి, మధ్యాహ్నం రెండు తర్వాత గది ముందు. రాధానగర్‌కి ఒక సాయంత్రం మాత్రం తప్పకుండా కేటాయించండి.

ఎలిఫెంట్ బీచ్‌లో ఒడ్డుకి దగ్గరే పగడాలున్నాయి, స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కు పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ అడుగు చూడటానికి, అది మంచిచోటు. ఆ వైపు ఏనుగులుండేవి, అడవుల్లో దుంగలు లాగించడానికి తెచ్చినవి. సముద్రంలో ఈదే ఏనుగుగా పేరుపడ్డ రాజన్ కూడా హ్యావ్‌లాక్‌లోనే ఉండేది, 2016లో చనిపోయింది. ఎలిఫెంట్ బీచ్‌కి మొదటి బోట్లలోనే వెళ్ళిపోండి. పది దాటితే జనం పెరిగి, అడుగున ఇసుక లేచి నీళ్ళు మసకబారతాయి.

స్కూబా గురించి భయపడేవాళ్ళే ఎక్కువ. మొదటిసారి చేసేదానికి ఈత రానక్కర్లేదు, పదేళ్ళు నిండితే చాలు. గరిష్ఠంగా 12 మీటర్ల లోతు, ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకునే ఉంటాడు. ఆస్తమా, గుండె జబ్బు, బీపీ, చెవి సమస్య ఉంటే ఫారంలో దాచొద్దు. ముందే మీ డాక్టర్ దగ్గర చీటీ రాయించుకోండి. జలుబు ఉన్నరోజు అసలు దిగకండి. కిందికి దిగేకొద్దీ చెవుల్లో ఒత్తిడి వస్తుంది, ముక్కు మూసి మెల్లిగా ఊదితే తగ్గుతుంది. నొప్పి ఉంటే సైగ చేసి ఆగాలి, ఓర్చుకుని దిగకూడదు.

మీసాలున్నవాళ్ళకి ఒక సంగతి. మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి. మీసం మీద సరిగ్గా ఆనక సందులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. నాకు మొదటి పది నిమిషాలూ అదే గొడవ, ముక్కులోకి ఉప్పునీళ్ళు, పైకి వచ్చేద్దామా అనిపించింది. ఇన్‌స్ట్రక్టర్ పైకి తెచ్చి, మీసం మీద, ముక్కు కింద వాసలిన్ మందంగా రాసి మళ్ళీ దింపాడు. ఆ తర్వాత చుక్క రాలేదు. అప్పుడు చూశాను, అరచేతి వెడల్పు, పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే సముద్రజీవి తీగల మధ్య నారింజ రంగు చేప, తెల్లటి పట్టీలు, నా బొటనవేలంత. నేను దగ్గరికి వెళ్తే పారిపోలేదు. ముందుకొచ్చి నా మాస్కు అద్దానికి ఎదురుగా నిలబడింది, తన ఇల్లు కాపాడుకుంటున్నట్టు. దేన్నీ ముట్టుకోకండి. పగడం మీద కాలు పెడితే ఎన్నో ఏళ్ళు పెరిగిన కొమ్మ ఒక్క క్షణంలో విరిగిపోతుంది.

స్కూబా మొదటి లేదా రెండో రోజే పెట్టుకోండి. డైవ్‌కీ విమానానికీ మధ్య 24 గంటలు ఉండాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ విమానం ఎత్తులో బుడగలు కడితే ప్రాణానికే ప్రమాదం.

9. నీళ్ళ దగ్గర

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో రాధానగర్ దగ్గర ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో చనిపోయింది. దీనికి భయపడి మానుకోనక్కర్లేదు, కానీ గుర్తు కట్టిన చోటే, లైఫ్‌గార్డులున్న వేళల్లోనే దిగండి. వాగు సముద్రంలో కలిసే చోట, మడ అడవి పక్కన, చీకటి పడ్డాక నీళ్ళలోకి వద్దు. విజిల్ వేస్తే వెంటనే బయటికి రండి, ఇంకొక్క ఫోటో అనొద్దు. తాగి దిగొద్దు. దీవిలో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పెద్ద ఆసుపత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే, మధ్యలో సముద్రం. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి అదనంగా తీసుకెళ్ళండి.

10. తిరుగు ప్రయాణం

చివరి రోజు పొద్దున్న ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్‌కి వచ్చేస్తే మధ్యాహ్నం సెల్యులార్ జైలు చూడొచ్చు. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఒక్కో గది ముందు నిలబడ్డప్పుడు, అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర లాంటి మన్యం మనుషులు కూడా ఈ దీవులకి ఖైదీలుగా వచ్చారన్నది పిల్లలకి చెప్పండి. రెండు గంటలు పెట్టుకోండి, ఎండ ఎక్కువ, నీళ్ళు దగ్గరుంచుకోండి.

ఆ రాత్రి హోటల్లో బ్యాగులన్నీ ఒకసారి దులపండి, ముఖ్యంగా పిల్లలవి. పగడం ముక్క, చచ్చినదైనా సరే, తీసుకురావడం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. గవ్వల్లో కూడా నిషేధం ఉన్న రకాలున్నాయి. ఏవి తీసుకురావచ్చో మనకి తెలియదు కాబట్టి ఏరినవేవీ వద్దు. కొనాలనుకుంటే ప్రభుత్వ ఎంపోరియంలో కొని బిల్లు ఉంచుకోండి. విమానాశ్రయంలో స్కానర్‌లో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి, వరసలో అందరి ముందూ బ్యాగు విప్పిస్తారు. మా చిన్నది సాక్సులో దాచిన అయిదు తెల్లటి ముక్కలు హోటల్లోనే దొరికాయి. పొద్దున్నే ఆటో ఆపించి కార్బిన్స్ కోవ్ బీచ్ దగ్గర నీళ్ళలో వేయించాం. ఒక్కోదానికి పేరు పెట్టుకుందట, ఆ పేరుతో పిలిచి వదిలింది. తర్వాత విమానాశ్రయానికి వెళ్ళాం.